చూపు నీళ్ళమీదే

కుర్చీ ఎక్కాక ఉద్యోగమంతా కళ్ళది, మనసు ఎటు తిరిగినా అడిగేవాళ్ళు లేరు, దానికి జీతం లేదు కనుక. ఆ మాటకొస్తే కళ్ళకి మాత్రం వచ్చిందా ఏమిటి, వేసవి మొదలైన దగ్గర్నుంచి ఒక్క పైసా రాలేదు, అనుకుంది పెద్దమ్మాయి, అనుకుంటూనే చూపుని మెట్ల దగ్గర మొదలుపెట్టి అటు చివర అడ్డంగా కట్టిన తాడుదాకా మెల్లగా నడిపించింది. రబ్బరు టోపీ తల ఒకటి, రెండు జడల తల ఒకటి, ఒకర్నొకరు తోసుకోకుండా ఉండలేని అన్నదమ్ముల తలలు రెండు, ఎర్ర నిక్కరు వాడి తల, నలభయ్యో ఏట ఈత నేర్చుకుంటూ గట్టు వదలని టీచరుగారి తల, ఎవరెంత గోల చేసినా తన దారిన తను పోయి వచ్చే తాబేలు తాతయ్య బట్టతల. అన్నీ పైనే ఉన్నాయి. తాడు దగ్గర ఒక్క క్షణం ఆగి మళ్ళీ మెట్లకి. ఇది కార్పొరేషన్ వాళ్ళ ఈతకొలను, వేసవిలో మాత్రమే తెరుస్తారు, కాపలాకి పదిహేడూ పద్దెనిమిదేళ్ళ వాళ్ళని తీసుకుని మెడలో విజిలొకటి వేసి ఈ ఎత్తు కుర్చీ ఎక్కిస్తారు. ఎక్కినవాళ్ళు దిగేదాకా చూపు నీళ్ళమీంచి తీయకూడదు. ఫోను లాకర్లో ఉంటుంది, లాకరేమో బట్టలు మార్చుకునే గదిలో ఉంటుంది, ఆ గదిలోకి వెళ్ళాలంటే కొలను మూసెయ్యాలి, మూయడానికి ఇంకా గంట ఉంది. ఊరి అవతల రవాణా ఆఫీసులో నాన్న కాచుకుని ఉన్న కిటికీ కూడా ఆ వేళకే మూస్తారు. ఈ గంటలో తన జీతం అమ్మ ఖాతాలో పడాలి, అది చూసి అమ్మ నాన్నకి పంపాలి, నాన్న ఫీజు కట్టి లైసెన్సు చేతికి తీసుకోవాలి. పడిందో లేదో తెలుసుకోవాలంటే తను దిగాలి, దిగాలంటే ఇంకొకరు ఎక్కాలి, ఎక్కడానికి ఇంకొకరు లేరు.

మొదట్లో ఉండేవాళ్ళు, నలుగురం కలిసే చేరాం కదా, అటు లోతు వైపు కుర్చీలో జిరాఫీ కూర్చునేవాడు, పేరుకు తగ్గట్టే మెడ, ఆ మెడ తిప్పుతుంటే కొలనంతా ఒక్కడే కాస్తాడనిపించేది. రెండో నెల కూడా జీతం రాకపోయేసరికి ఒక్కొక్కరూ జారుకున్నారు. జిరాఫీ పోతూ పోతూ, నువ్వూ మానెయ్యి, ఊరికే ఎండలో మాడటం ఎందుకు అన్నాడు. వాడికేం, జీతం వస్తే కొత్త ఫోను, రాకపోతే పాత ఫోను. మానేసినవాళ్ళ కాగితాలు మళ్ళీ మొదటికొస్తాయని జీతాల ఆఫీసులో చెప్పారు కనుక తను మానలేదు. ఇప్పుడు లోతు వైపు తాడు కట్టేసి, ఇటు వైపు మాత్రమే తెరుస్తున్నారు. మేనేజరు బాబాయి గేటు దగ్గర టికెట్లు చింపుతూ కూర్చుంటాడు, మధ్యమధ్యలో మెడ చాచి, అంతా బాగానే ఉందామ్మా అంటాడు. బాగానే ఉంది బాబాయి. ఎర్ర నిక్కరు వాడు మళ్ళీ తాడు వైపు జరుగుతున్నాడు, వాడి బుద్ధిని ఆ తాడుకే కట్టేసినట్టు, అక్కడికే పోవాలి. ఒకసారి విజిల్ వేసింది. వాడు తనకు కాదన్నట్టు ఆకాశం వైపు చూశాడు. రెండోసారి వేసింది. అప్పుడు వెనక్కి వచ్చాడు, విజిలక్కా ఊరికే చూస్తున్నానంతే, అంటూ.

విజిలక్క. ఇక్కడి పిల్లలకి అదే తన పేరు. నాన్న పిలిచేది ఇంకోటి, కండక్టరమ్మా అని. చిన్నప్పుడు బస్సులో నాన్న వెనక సీట్లో కూర్చుని ఎక్కిన పిల్లల్నీ దిగిన పిల్లల్నీ లెక్కపెట్టేది, ఒకసారి నాన్న లెక్క తప్పితే తనే సరిచేసింది, ఆఖరి సీట్లో నిద్రపోయిన ఒకటో తరగతి పిల్లాడు బయటపడ్డాడు. ఆ రోజునుంచీ నాన్న తన మాట వినకుండా బస్సు కదిపేవాడు కాదు. అందరూ ఎక్కారా కండక్టరమ్మా అంటే, ఎక్కారు పోనీ అనాలి, అంటే గానీ గేరు పడదు. ఆ ఏడేళ్ళ వయసులో తను చెప్తే తప్ప అంత పెద్ద బస్సు కదలదన్న సంగతి ఎంత గర్వంగా ఉండేదో. ఇప్పుడూ అంతే మరి, తను చెప్తే గానీ బస్సు కదలదు. అప్పుడు చెప్పడానికి ఒక మాట చాలింది.

నాన్న బడి బస్సు నడుపుతాడు, అమ్మ అదే బడిలో వంట చేస్తుంది. సెలవులిచ్చారంటే ఊళ్ళో పిల్లలందరికీ సంబరం, వీళ్ళింట్లో మాత్రం రెండు జీతాలూ ఒకేసారి ఆగిపోతాయి. ప్రతి ఏడూ వచ్చే వేసవే, అయినా ప్రతి ఏడూ ఎవరో చెప్పాపెట్టకుండా ఇంటికొచ్చినట్టే ఉంటుంది. నాన్న అలవాటు కొద్దీ తెల్లవారకముందే లేచి, మొహం కడుక్కుని, ఎక్కడికీ వెళ్ళక్కర్లేదని గుర్తొచ్చి గుమ్మంలో నిలబడిపోతాడు. నిద్రలో కుడికాలు బ్రేకు తొక్కుతాడని అమ్మ చెప్తుంది, ఒక్కోసారి తన కాలే తొక్కుతాడట. అమ్మ సంగతి ఇంకా తమాషా. వందల మందికి వండే చెయ్యి, నలుగురికి వండమంటే దానికి కొలత తెలియదు, సెలవుల మొదటి వారం ఏది వండినా వీధి మొత్తానికి సరిపోయేలా వండి, రెండు రోజులు అదే తినిపిస్తుంది. తర్వాత డబ్బాలు ఖాళీ అయ్యేకొద్దీ చెయ్యి తనంతట అదే దగ్గరికొస్తుంది. ఈ వేసవి అమ్మ గరిటె మాని చెంచాతో కొలవడం మొదలుపెట్టింది. ఎవరూ ఏమీ అనలేదు. తమ్ముడు మాత్రం, అమ్మా ఇది మనందరికా, నాకొక్కడికా అన్నాడు. వాడి నోట్లో నువ్వుగింజ నానదు.

మెట్లు, టోపీ, జడలు, అన్నదమ్ములు, టీచరుగారు, తాతయ్య. టీచరుగారు ఇవాళ ఒక చెయ్యి గట్టు వదిలారు, మొహం చూస్తే రెండోది కూడా వదిలేలా ఉన్నారు, వదలండి టీచరుగారూ ఏం కాదు, నేనున్నాను. నేనున్నాను అనడం ఎంత తేలిక. నాన్నతోనూ అలాగే అంది. ఉద్యోగంలో చేరిన మొదటి నెలలో ఒక సాయంత్రం నాన్న బూట్లు పాలిష్ చేసుకుంటున్నాడు, బస్సు లేని రోజుల్లో బూట్లకి పాలిష్ ఎందుకు, కానీ నాన్న మనసు బాగాలేనప్పుడల్లా బూట్లు మెరుస్తాయి. తల ఎత్తకుండానే అడిగాడు, "కండక్టరమ్మా, నీకు జీతం వస్తే కొంచెం సర్దుతావా" అని. తోటి డ్రైవరుని అడిగినట్టు అడిగాడు. లైసెన్సు గడువు అయిపోయింది, కొత్తది తీసుకోవాలంటే కళ్ళ డాక్టరు, కళ్ళద్దాలు, ఫీజు, ఆలస్యమైనందుకు జరిమానా. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే. సోమవారం బడి తెరిచేలోగా లైసెన్సు చూపించకపోతే బస్సు ఇంకొకరికి ఇచ్చేస్తామని బస్సుల యజమాని చెప్పాడు, ఆ ఇంకొకరు ఎవరో కూడా నాన్నకి తెలుసు, కుర్రాడు, మంచివాడే, అదే బాధ. ఇవాళ శుక్రవారం. నాన్న అడిగిన ఆ క్షణంలో తను ఒక్కసారిగా పొడుగైపోయినట్టు అనిపించింది, దానిదేముంది నాన్నా, మొత్తం తీసుకో, ఈ నెలాఖరుకే వస్తుంది అంది. అంత ధీమాగా ఎలా అందో. నెలాఖరు వచ్చింది, పోయింది, ఇంకో నెలాఖరు వచ్చింది.

జీతాల ఆఫీసులో గాజు పలక వెనక ఉండే ఆవిడ చెడ్డదేమీ కాదు. ప్రతిసారీ కూర్చోమంటుంది, మంచినీళ్ళు కావాలా అంటుంది, ఫైలు పైకి వెళ్ళిందమ్మా అంటుంది. వెళ్ళినప్పుడల్లా పైకే వెళ్ళింది, ఈపాటికి మేఘాలు దాటి ఉండాలి. నాలుగోసారో ఐదోసారో వెళ్ళినప్పుడు అసలు సంగతి బయటపడింది, డబ్బు ఎప్పుడో మంజూరైంది, సంతకం పెట్టాల్సిన ఆయన ఊళ్ళో లేడు. "వేసవి కదమ్మా, ఆయన సెలవులకి వెళ్ళారు" అంది ఆవిడ. వేసవి ఉద్యోగాల జీతాలమీద సంతకం పెట్టేవాడు వేసవి సెలవులకి పోయాడు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని అమ్మ అంటుంటే విన్నది గానీ, పూజారి ఊరెళ్తే ఏం చెయ్యాలో అమ్మ ఎప్పుడూ చెప్పలేదు. నిన్న మళ్ళీ వెళ్తే, ఆయన వచ్చారు, రేపు పడొచ్చు అంది. పడొచ్చు. ఆ మాట పట్టుకునే నాన్న ఇవాళ పొద్దున్నే నీలం చొక్కా ఇస్త్రీ చేసుకుని, అరువుమీద తెచ్చుకున్న కొత్త కళ్ళద్దాలు పెట్టుకుని వెళ్ళి ఆ కిటికీ దగ్గర కూర్చున్నాడు, పడితే ఒక్క నిమిషం కూడా వృథా కాకూడదని.

అన్నిటికంటే కష్టం సాయంత్రం ఇంటి గుమ్మం ఎక్కడం. చెప్పులు విప్పుతుంటే అమ్మ వంటగదిలోంచి తన మొహం వైపు ఒక్క చూపు చూస్తుంది, వెంటనే చూపు తిప్పేసుకుని, వేడినీళ్ళు పెట్టనా అంటుంది. నాన్న అసలు చూడడు. తమ్ముడొక్కడే పరిగెత్తుకొచ్చి, "అక్కా పడ్డాయా?" అంటాడు, వెంటనే లోపల్నుంచి రెండు గొంతులు, నోర్ముయ్ రా అని. ఆ గొంతులు అలా లేవకపోతే కొంచెం బాగుండేది. ఆలస్యం చేసింది ఆఫీసు, సిగ్గు మాత్రం తనది, డబ్బు ఎక్కడో దార్లో తనే పారేసుకుని వచ్చినట్టు. ఒక రాత్రి భోజనాల దగ్గర, పోనీ మావయ్యని అడుగుదామా అంది అమ్మ, తన సొంత తమ్ముడే కనుక. నాన్న మెతుకు నోట్లో పెట్టుకోబోతూ ఆగాడు. కిందటేడు మావయ్య ఇచ్చాడు, ఇవ్వలేదని కాదు, ఇచ్చింది ఒక్కసారి, గుర్తుచేసింది కలిసిన ప్రతిసారీ. అది తీర్చడానికి నాన్న శీతాకాలమంతా తెల్లవారుజామున పాలవ్యాను కూడా నడిపాడు. వద్దులే, పెద్దదాని జీతం వస్తోందిగా అన్నాడు నాన్న. వస్తోందిగా అన్నాడు, వస్తుందేమో అనలేదు. ఆ మాట వింటే ఏడుపొచ్చింది, నీళ్ళు తెచ్చుకుంటానని లేచింది.

మునిగేవాళ్ళు అరవరు. చేరిన కొత్తలో నేర్పినాయన మొదటి రోజే చెప్పాడు, చేతులూపి కేకలు వేసేవాడికి ఊపిరి ఉంది, వాడి సంగతి తర్వాత చూడొచ్చు, గొడవ చెయ్యకుండా తల వెనక్కి వాల్చి నోరు నీటి మట్టానికి తెచ్చుకున్నవాడు కనిపిస్తే ఇక ఆలోచించకు, దూకు. ఇంట్లో కూడా ఎవరూ అరవలేదు. అమ్మ చెంచాతో కొలిచింది, నాన్న బూట్లు తుడిచాడు. తనూ అరవలేదు, ఆఫీసులో గాజు పలక మీద ఒక్కసారి కూడా చెయ్యి చరచలేదు, మంచినీళ్ళు కావాలా అంటే వద్దండి అని లేచి వచ్చేసింది. చరచాల్సింది. చెప్పేవాడికి వినేవాడు లోకువ. ఎండ అటు గోడమీదికి ఎక్కింది, నీళ్ళ మీద మెరుపు తగ్గింది, ఇలాంటప్పుడే అడుగు బాగా కనపడుతుంది, నీలం పలకలు, ఎవరో పోగొట్టుకున్న జడ క్లిప్పు. మెట్లు, టోపీ, జడలు, అన్నదమ్ములు ఈసారి ఎర్ర నిక్కరు వాడితో ఏదో గుసగుసలాడుతున్నారు, ముగ్గురూ కలిశారంటే మంచికి కాదు.

అప్పుడే వెనక తడి పలకల మీద బూట్ల చప్పుడు వినిపించింది. రెండడుగులు, ఆగడం, ఒకటి తర్వాత ఒకటి బూట్లు విప్పిన చప్పుడు. ఇక్కడికి వచ్చేవాళ్ళెవరూ బూట్లతో రారు. చిన్న దగ్గు. నాన్న. కంటి చివర, చూపు తిప్పకుండా కనిపించినంతలో, నీలం మరక ఒకటి గోడవారగా జరిగి చెప్పులు వదిలేచోట ఉన్న బల్లమీద కూర్చుంది. అంటే సరిగ్గా తన వెనక. కిటికీ ఇంకా మూయలేదు కదా, ఇంకా సమయం ఉంది కదా, అప్పుడే ఎలా వచ్చాడు? పని అయిపోయి వచ్చాడా, ఇక కాదని తేలిపోయి వచ్చాడా? అయిపోతే ముందు అమ్మ దగ్గరికి వెళ్ళడూ? లేదు, ఇక్కడికే వస్తాడు, జీతం తనది కదా. కాకపోయినా ఇక్కడికే వస్తాడు, ఇంటికి వెళ్ళి అమ్మ మొహం చూడలేక. ఆ ఆఫీసునుంచి ఇంటికి వెళ్ళే బస్సు ఈ వీధిలోంచే పోతుంది, దిగాలనిపించి దిగి ఉంటాడు. సంతోషంగా ఉంటే నాన్న ముక్కుతో ఏదో కూనిరాగం తీస్తాడు. ఇప్పుడు తియ్యడం లేదు. కానీ బాధగా ఉన్నప్పుడు నిలబడలేడు, అటూ ఇటూ తిరుగుతాడు, ఇప్పుడు తిరగడమూ లేదు. చెవులు వెనక్కి పెట్టుకుని కూర్చుంది, నాన్న ఊపిరి వినబడుతుందా అని, ఆ పిల్లల గోలలో ఏం వినబడుతుంది.

ఒక్క మాట చెప్పొచ్చు కదా. పనైపోయింది అనో, కాలేదు అనో. పోనీ కొంచెం ముందుకొచ్చి కూర్చుంటే మొహమైనా కనపడేది. కావాలనే వెనక కూర్చున్నాడని పెద్దమ్మాయికి మెల్లగా అర్థమైంది, అర్థమయ్యేసరికి కోపం వచ్చింది, కోపంతో పాటు నవ్వూ వచ్చింది. బస్సులో నాన్న తల మీద ఒక రేకు పలక ఉంటుంది, బండి నడుస్తుండగా డ్రైవరుతో మాట్లాడరాదు అని. అందరి బస్సుల్లోనూ ఉంటుంది, కానీ దాన్ని నమ్మే డ్రైవరు ఊరు మొత్తానికి నాన్నొక్కడే. ఇంట్లో కూడా అంతే, అమ్మ పొయ్యి దగ్గర ఉంటే మాట్లాడించడు, తమ్ముడు బొమ్మ వేస్తుంటే పక్కనుంచి వంగి దాటుకుంటూ పోతాడు, బండి మీద ఉన్నాడు వదిలెయ్ అంటాడు. అమ్మ కాన్పు నొప్పులు పడుతున్నప్పుడు కూడా నర్సుని ఏమీ అడగకుండా వరండాలో నిలబడ్డాడట, ఆవిడ పనిలో ఉంది కదా అని, తమ్ముడు పుట్టిన సంగతి నాన్నకంటే ముందు టీ అమ్మేవాడికి తెలిసింది. కాబట్టి ఇప్పుడు ఆ బల్లమీద కూర్చున్న మనిషి కొలను మూసేదాకా నోరు విప్పడు, కొంప నిలిచినా, కొంప మునిగినా. తను చూడకూడదు, ఆయన చెప్పకూడదు, ఇంతకంటే క్రమశిక్షణ గల తండ్రీకూతుళ్ళు ఎక్కడైనా ఉంటారా.

కాలేదనే అనుకుందాం. కాకపోతే ఏం చేద్దాం. ముందుగా నాన్న మొహం వైపు మామూలుగా చూడాలి, ఆ చూడటం ఇప్పట్నుంచే అలవాటు చేసుకోవాలి. రేపు శనివారం, ఆఫీసు ఉండదు. బస్సుల యజమాని ఇంటికి తనే వెళ్తుంది, అయ్యా ఒక్క వారం ఆగండి, ఆలస్యం మా నాన్నది కాదు నాది అని చెప్తుంది. ఆయన వినడు. మావయ్య దగ్గరికి తనే వెళ్తుంది, అప్పు నా పేరున ఇవ్వు, గుర్తుచేసేది నాకు చెయ్యి, నాన్నకి కాదు అంటుంది. మావయ్య ఇస్తాడు, కానీ ఇవాళ కిటికీ మూసేస్తే ఆ డబ్బుతో సోమవారానికి లైసెన్సు రాదు. నాన్న బస్సు లేని నాన్న అయిపోతాడు. తెల్లవారకముందే లేచి గుమ్మంలో నిలబడతాడు, బడి తెరిచాక కూడా. పిల్లలు కిటికీల్లోంచి చెయ్యూపుతూ పోతుంటే ఇంటిముందు నిలబడి చూస్తాడు. తన మాటమీద ఆగబట్టే ఇలా అయింది. ఆ రోజే, నా జీతం సంగతి నమ్మొద్దు నాన్నా, ఇంకేదైనా చూసుకో అని ఉంటే బాగుండేది. అప్పుడు డబ్బు రాదేమోనని భయపడలేదు. నాన్న అడిగిన ఒకే ఒక్కసారి లేదనాల్సి వస్తుందేమోనని భయపడింది. ఇప్పుడూ అదే భయం. తట్టుకోలేక తల తిప్పింది.

ఒక్క రెప్పపాటే. నీలం చొక్కా, ఒళ్ళో చేతులు, మొహం కిందికి ఉంది, బూట్లు పక్కన జతగా పెట్టుకున్నాడు. అంతకుమించి ఏమీ తెలియలేదు. చూపు నీళ్ళకి తిరిగొచ్చేసరికి మెట్లు, టోపీ, జడలు, అన్నదమ్ములు ఇద్దరూ, టీచరుగారు, తాతయ్య. ఎర్ర నిక్కరు లేడు. మళ్ళీ మెట్లనుంచి. గట్టుమీద లేడు. తాడు దగ్గర లేడు. గేటువైపు తడి అడుగులు లేవు. అన్నదమ్ములిద్దరూ ఒకేచోట, కదలకుండా, నీళ్ళలోకి చూస్తూ నిలబడి ఉన్నారు. పెద్దమ్మాయి లేచి నిలబడింది, విజిల్ నోట్లో ఉందో లేదో కూడా తెలియలేదు, ఒక కాలు అంచు దాటింది, ఇంట్లో ఏం జరిగింది, ఎవరికి ఎంత కావాలి, ఏదీ లేదు, లోకంలో ఉన్నదల్లా ఒక్క తల, అది కనపడటం లేదు. వెనక బల్ల కిర్రుమంది. అప్పుడు నిచ్చెన పక్కన, నీడ పడే మూల, నీళ్ళు భళ్ళున చీలి ఎర్ర నిక్కరు వాడు పైకి లేచాడు, కళ్ళు ఎర్రబడి, దగ్గుతూ, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతూ. ఊపిరి బిగబట్టి ఎవరు ఎక్కువసేపు ఉంటారో అని పందెమట.

"బయటికి రా" అంది పెద్దమ్మాయి. వేలితో గట్టు చూపించింది.

"అక్కా, నేను గెలిచాను."

"గెలిచావు. గట్టుమీద కూర్చుని గెలిచాననుకో. మూసేదాకా లేచావంటే మీ అమ్మకి చెప్తాను."

వాడు మూతి ముడుచుకుని గట్టుమీద కూర్చున్నాడు. అన్నదమ్ములు ఏమీ ఎరగనట్టు ఒకర్నొకరు తోసుకోవడం మొదలుపెట్టారు. మేనేజరు బాబాయి గేటు దగ్గర్నుంచి, ఏమైందమ్మా అన్నాడు, ఏమీ కాలేదు బాబాయి అంది. మళ్ళీ కుర్చీలో కూర్చుంది. బల్లమీంచి లేచిన నాన్న మళ్ళీ కూర్చున్నాడో లేదో తెలియదు. తెలుసుకోవాలని కూడా లేదు ఇప్పుడు. వెనక ఏ కబురున్నా అది అక్కడే ఉంటుంది, ఎక్కడికీ పోదు, నీళ్ళలో ఉన్నవాళ్ళు అలా కాదు. ఇంత తేలికైన సంగతి ఇందాకటినుంచీ ఎందుకు తోచలేదో. మెట్లు, టోపీ, జడలు. టీచరుగారు రెండో చెయ్యి కూడా వదిలేశారు, ఒక్క క్షణం తేలి, భయపడి మళ్ళీ పట్టుకున్నారు, పట్టుకుని ఎవరైనా చూశారా అన్నట్టు చుట్టూ చూస్తే, పెద్దమ్మాయి చూశానని చెయ్యెత్తింది. తాతయ్య ఆ చివర తిరిగి ఈ చివరికి బయల్దేరాడు. మిగిలిన సమయమంతా అలాగే గడిచింది, ఎంతసేపో తెలియలేదు, మనసు ఎక్కడికీ పోకుండా కళ్ళ పక్కనే కూర్చుంది.

మేనేజరు బాబాయి గంట కొట్టాడు. పెద్దమ్మాయి పొడుగ్గా విజిల్ వేసింది. ఒక్కొక్కరే ఎక్కారు, టోపీ, జడలు, తువ్వాళ్ళకోసం కొట్లాట, టీచరుగారు మెట్ల దగ్గర ఆగి, రేపు ఇంకొంచెం అన్నారు, తాతయ్య అందరికంటే ఆఖరున, తొందరేముందన్నట్టు. నీళ్ళు ఊగి ఊగి నిలిచాయి. అడుగంతా ఒకసారి, మూలలన్నీ ఒకసారి చూసుకుని, అప్పుడు కుర్చీ దిగి వెనక్కి తిరిగింది. నాన్న బల్లమీద లేడు, బల్ల ముందు నిలబడి ఉన్నాడు, సాక్సులతో, ఆ సాక్సులు తడిసి ముద్దయ్యాయి, నీళ్ళ అంచుదాకా ఎప్పుడు పరిగెత్తాడో.

"అందరూ బయటికొచ్చారా కండక్టరమ్మా?"

"వచ్చారు నాన్నా."

"లెక్క సరిపోయిందా?"

"సరిపోయింది. ఇక చెప్పు నాన్నా."

నాన్న జేబులోంచి లైసెన్సు తీశాడు, ఇంకా కొత్త ప్లాస్టిక్ వాసన వేస్తోంది, ఫోటోలో కొత్త కళ్ళద్దాలు పెట్టుకుని ఎవరో పోస్టుమాస్టరులా ఉన్నాడు. "ఇంక ఐదేళ్ళు ఎవడూ అడగడు" అన్నాడు. "ఒక నెలది పడింది. రెండోది ఇంకా పైనే ఉందట. మీ అమ్మ ఫోన్‌లో సరిగా చెప్పనేలేదు, ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. నేను నవ్వుతోందనే అనుకున్నాను."

పెద్దమ్మాయి లైసెన్సుని తడి చేత్తో పట్టుకోబోయి, చెయ్యి చొక్కాకి తుడుచుకుని పట్టుకుంది. చూసింది, తిప్పి చూసింది. గుండెల మీద ఇన్నాళ్ళూ ఎవరో కూర్చుని, ఇప్పుడు లేచి, వస్తానమ్మా అని వెళ్ళిపోయినట్టుంది. నవ్వాలో అరవాలో తెలియక, "ఇంతసేపూ వెనకే కూర్చున్నావు. ఒక్క మాట చెప్తే ఏం పోయేది?" అంది.

"చెప్తే నువ్వు నా వైపు చూస్తావు" అన్నాడు నాన్న. "అటు ఎవరు చూస్తారు?"

చెప్పకపోయినా చూశాను నాన్నా అనబోయింది. నాన్న తడి సాక్సులు చూసి, ఆయనకి తెలుసని తెలిసి, లైసెన్సు ఆయన చేతికిచ్చింది. నాన్న కాసేపు కళ్ళద్దాలు తుడుచుకున్నాడు, తుడిచిందే తుడిచాడు. "నీ డబ్బు వాడుకున్నాను" అన్నాడు. "బడి తెరిచాక మొదటి జీతంలో ఇచ్చేస్తాను."

"అది ఇంటిది నాన్నా."

"ఇంటిదే. కానీ సంపాదించింది నువ్వు. నాకు లెక్క కావాలి."

"మావయ్యలాగా కనిపించినప్పుడల్లా గుర్తుచేస్తాను అయితే."

నాన్న నవ్వాడు, ముక్కుతో, పెద్దగా. ఈ వేసవిలో ఆ నవ్వు ఇదే మొదటిసారి. మేనేజరు బాబాయి తాళాలు ఆడించుకుంటూ వచ్చి, టికెట్ల లెక్క చూసుకోవాలి, ఇంకో పావుగంట పడుతుంది, కావాలంటే నువ్వు నీళ్ళలోకి దిగొచ్చమ్మా, ఎవరూ లేరుగా అని చెప్పి వెళ్ళిపోయాడు. పెద్దమ్మాయి నీళ్ళవైపు చూసింది. ఎవరూ లేని నీళ్ళు ఎంత పెద్దవిగా ఉన్నాయో. రోజూ వీటి పక్కనే ఉండి, మూసే వేళకి ఇంటికి పరిగెత్తే తొందర, పడ్డాయా లేదా అని, ఒక్కరోజు కూడా తనకోసం దిగలేదు. నాన్న వైపు చూసింది.

"దిగు" అన్నాడు నాన్న. "నేను చూస్తుంటాను."

"నీకు ఈత రాదు కదా నాన్నా."

"రాదు. చూడటం వచ్చు."

విజిల్ తీసి నాన్న మెడలో వేసింది. నాన్న సాక్సులు విప్పి, ప్యాంటు మోకాళ్ళదాకా మడుచుకుని, అంచున నిలబడ్డాడు, రెండు చేతులూ వెనక కట్టుకుని, కొత్త కళ్ళద్దాల్లోంచి రెప్ప వెయ్యకుండా. నీళ్ళు పైన వెచ్చగా, లోపల చల్లగా ఉన్నాయి. మధ్యకి వెళ్ళి వెల్లకిలా తిరిగింది, చేతులు వదిలేసింది, కాళ్ళు వదిలేసింది, చెవులు మునిగాయి, చప్పుళ్ళన్నీ పోయాయి. పెద్దమ్మాయి కళ్ళు మూసుకుంది.